పక్కకు ఒరిగిన చేప

పోయిన వారం నేను కెటెక్ పడవలో కూర్చుని, తల మీది గుడ్డ గాలికి ఎగిరిపోకుండా పంటితో పట్టుకుని, బతాంగ్ హరి నది దాటుతున్న దగ్గర ఆపాను. ఎందుకు దాటుతున్నానో మర్చిపోయినవాళ్ళుంటారు, అసలు చదవనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి అసలు కథలోకి వస్తాను.

నా పేరు మస్నా. జంబి ఊరికి నది అవతల, స్తంభాల మీద నిలబడ్డ చెక్క ఇళ్ళ వాడ మాది. పక్కిల్లు రొగాయాది. బాతిక్ గుడ్డల మీద మైనంతో పువ్వులు గీసి బతుకుతుంది. ఊరి గట్టున చేపల కొట్టాంలో పనిచేసే షర్గావి ఒకప్పుడు ఆమె మొగుడు. మా నదిలో పట్టిన బోటియా చేపల్ని దూరదేశాలకి ఎక్కించేదాకా సాకడం అతని పని. నారింజ రంగు ఒళ్ళు, మూడు నల్ల పట్టీలు, మూతి చుట్టూ మీసాలు, పొలుసు ఉందో లేదో తెలియనంత సన్నటి చర్మం. ఆ చేపలంటే అతనికి ప్రాణం. ఇంట్లో ఆరడుగుల అద్దాల తొట్టి కట్టించి, సన్న ఇసుక పోసి, మొద్దుల మీద నీటిమొక్కలు పెంచి, ఇరవై బోటియాల్ని సాకాడు.

తొమ్మిదేళ్ళ కింద అతను ఎగువకి వెళ్ళిన వారంలో చేపలకి తెల్లమచ్చల జబ్బు వచ్చింది. రొగాయా సీసా మీద రాసినంత మందు, రాసినట్టే పోసింది. సన్న చర్మం చేపలకి అందులో సగమే పోయాలని సీసా మీద లేదు. పొద్దు గుంకేలోగా పదమూడు తేలాయి. ఇంటికొచ్చిన మనిషి కోపంలో ఆ ఒక్క మాట అనేశాడు. తలాక్. ఒక్కసారే అన్నాడు కాబట్టి మూడు నెలల్లోపు ఎప్పుడైనా "రా" అంటే సరిపోయేది. ఆమె కబురు పంపుతుందని అతను, అతను మెట్లెక్కుతాడని ఆమె చూస్తూ కూర్చున్నారు. గడువు దాటిపోయింది, కాగితాలు వచ్చాయి. మళ్ళీ కలవాలంటే ఇమాం గారి ముందు కొత్తగా నికా చేసుకోవాల్సిందే.

మిగిలిన ఏడు చేపల్నీ పెట్టుకునే చోటు అతని అద్దె గదిలో లేదు. అందుకని ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి, మూడో వంతు నీళ్ళు మార్చి, పండిన ఆకులు కత్తిరించి వెళ్ళేవాడు. విడిపోయిన ఇద్దరు ఒక కప్పు కింద ఒంటరిగా ఉండకూడదు కదా. తలుపు బార్లా తెరిచి, మధ్యలో చాప వేసుకుని నేను కూర్చునేదాన్ని. నాలుగు వందల పైచిలుకు శుక్రవారాలు కూర్చున్నాను. నా మోకాళ్ళు అక్కడే అరిగాయి.

నెల కింద ఏడింటిలో ఒకటి చచ్చిపోయింది. ఆపైన పిడుగులాంటి కబురు. మువారా బులియాన్‌లో హలీజా అనే వితంతువుతో షర్గావికి పెళ్ళి కుదిరింది. చేపలంటే ఆమెకి అభ్యంతరం లేదు, ఈ ఇంటికి రావడమే అభ్యంతరం. న్యాయమే కదా, నేనైనా అదే అనేదాన్ని. పిలుపు కార్డు నాకూ వచ్చింది. ఒళ్ళు మండి దాన్ని రొగాయా కిటికీ గట్టు మీద పడేసి వచ్చాను. పోయిన శుక్రవారం అతను వేలెడంత కొత్త పిల్లని తెచ్చి తొట్టిలో వదిలాడు, ఆరూ మళ్ళీ ఏడయ్యాయి. వచ్చే శుక్రవారం అన్నిటినీ పట్టుకుపోతానన్నాడు.

ఈలోగా మంగళవారం పొద్దున రొగాయా నా గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, సులుంగ్ పక్కకు ఒరిగిపోయింది. వెంటనే రమ్మని చెప్పవూ."

సులుంగ్ అంటే తొలిచూలు, తొట్టిలో అన్నిటికన్నా పెద్ద చేప. ఇలాంటి కబురు నేను మోయడం ఇది పన్నెండోసారి. బోటియా నిద్రపోతే చచ్చినట్టే పక్కకు పడుకుంటుందని రొగాయాకి తెలుసు, నాకూ తెలుసు. పాపం షర్గావికే తెలీదనుకుని తొమ్మిదేళ్ళు జాలిపడ్డాను.

ఇక చదవండి.

గంటలో వచ్చాడు. మెట్ల కింద కుండలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, చేతిలో బకెట్‌తో రొప్పుతూ ఎక్కాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, గడ్డం సగం నెరిసింది. నేను చాప పరిచాను. రొగాయా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వేళ్ళకి మైనం, కొంగుకి నీలిమందు మరక.

అతను తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. అడుగున ఇసుకలో ఒక వెదురు గొట్టం ఉంది. నదిలో పిల్లచేపల్ని పట్టేది అలాంటి గొట్టాలతోనే. బోటియాకి కంటి కింద ముల్లు ఉంటుంది, వలేస్తే దానికి చిక్కుకుని చీరుకుపోతుంది. అందుకే గొట్టం ముంచి, అవి దూరి పడుకున్నాక రెండు కొసలూ మూసి ఎత్తుతారు. తొట్టిలో గొట్టం అంచున సులుంగ్ పక్కకు పడి ఉంది. ఒక కన్ను ఇసుకలోకి, ఒక కన్ను మన వైపు.

చాలాసేపు చూశాడు.

"ఇది నిద్రపోతోంది," అన్నాడు.

పదకొండుసార్లూ ఆ చేపకి ఏదో అయిందన్నట్టే నీళ్ళు మార్చి, గాలి గొట్టం సవరించి, సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళినవాడు ఇవాళ ఈ మాట అన్నాడు.

"తెలుసు," అంది రొగాయా.

"వరదలప్పుడు రెండుసార్లు నిద్రపోయింది. అడవులు తగలబడి పొగ కమ్మిన ఏడాది మూడుసార్లు. పోయిన రంజానుకి ముందు ఒకసారి. ఇంకా చెప్పనా?"

"అన్నీ గుర్తు పెట్టుకున్నారన్నమాట."

"ఆరేళ్ళప్పటి నుంచి గొట్టాలు ముంచి ఎత్తినవాణ్ణి. బోటియా ఎలా పడుకుంటుందో నాకు తెలీదా?"

"తెలిస్తే ఎందుకొచ్చారు మరి?"

"పిలిచారు కదా."

అంతే. వచ్చినవాడు, పిలిచినావిడ ఇద్దరూ చేపనే చూస్తున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఏరా, ఎండనక వాననక మీరిద్దరూ ముసలిదాన్ని నది దాటించారు! పడవలో కూర్చుని 'యా అల్లా, అబద్ధం మోస్తున్నాను, క్షమించు' అని ప్రతిసారీ ఏడ్చాను. అవతల వాడికి ముందే తెలిసిన అబద్ధానికి నేను క్షమాపణ అడుక్కున్నానా?"

షర్గావి మూతి కాస్త వంకర తిరిగింది. అది అతని నవ్వన్న సంగతే ఈ తొమ్మిదేళ్ళలో నేను మర్చిపోయాను.

"ఈసారి అందుకు పిలవలేదు," అంది రొగాయా. గొంతు మారింది. "రెక్క కింద చూడండి."

అతను నుదురు అద్దానికి ఆనించాడు. సులుంగ్ రెక్క మొదట్లో తెల్లటి చుక్క, ఉప్పురవ్వంత. దాని పక్కన ఇంకోటి. గొట్టంలో ఒకదాని మీద ఒకటి పడుకున్న మిగతావాటికీ అక్కడక్కడా ఉన్నాయి. కొత్తగా తెచ్చిన పిల్లకి తోక నుంచి మీసాల దాకా ఉప్పు చల్లినట్టే ఉంది.

"శనివారం పిల్ల మొద్దుకి ఒళ్ళు రుద్దుకుంటుంటే చూశాను. ఆదివారం మేత ముట్టలేదు. నిన్న మచ్చలు లేచాయి. ఇవాళ పొద్దుటికి పెద్దవాటికి పాకింది."

నేను ఆగలేకపోయాను. "కొత్త చేపని మూడు వారాలు విడిగా ఉంచకుండా పాతవాటిలో కలపకూడదని కొట్టాం గోడ మీద రాసింది నువ్వే కదరా?"

"నేనే."

"మరి ఉంచలేదేం?" అని అడిగింది రొగాయా.

"మూడు వారాలు నాకెక్కడున్నాయి?" అన్నాడు. ఇంకా అద్దం వైపే చూస్తున్నాడు. "ఒకటి పోయాక ఇవి బెంగపెట్టుకున్నాయి. గొట్టంలో ఒక వైపు ఖాళీ వదిలి పడుకుంటున్నాయి. గుంపు తగ్గితే ఇవి బతకవు. నేను తీసుకెళ్ళేలోగా, ఈ ఇంట్లో ఉండగానే, ఏడూ కలిసి ఉండగా ఒక్కసారి చూడాలనిపించింది. అంతే. మతి పోయింది."

రొగాయా లోపలికి వెళ్ళింది. మైనం డబ్బాల వెనక నుంచి ఏదో తీసుకొచ్చి నా చాప మీద, మా ముగ్గురి మధ్య పెట్టింది. చిన్న గాజు సీసా. కాగితం రంగు వెలిసింది, లోపల ఎండిన నీలి మరక. అప్పటి మందు సీసా. ఇన్నాళ్ళూ దాన్ని దాచిందని నాక్కూడా తెలీదు, పక్కింట్లో ఉండి.

"ఆ రోజు నన్నేమడిగారో గుర్తుందా?"

అతను తల దించుకున్నాడు.

"'చదవడం వచ్చు, అడగడం రాదా' అన్నారు. ఎవర్ని అడగను? మీరు ఎగువన ఎక్కడో అడవిలో, ఫోను అందని చోట. చేపలు ఒళ్ళు గీరుకుంటుంటే చూడలేక రాసింది రాసినట్టు పోశాను. పదమూడు. నా చేత్తోనే తీసి జామచెట్టు కింద పాతిపెట్టాను. నేను తెలీక చేశాను. ఇవాళ అన్నీ తెలిసిన మీరు చేశారు. ఇప్పుడు నేనేమనాలి మిమ్మల్ని? చెప్పండి. ఆ తలాక్ మాట ఆడదాని నోట చెల్లదు కాబట్టి అనడం లేదనుకోకండి. చెల్లినా అనను." మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు మీరూ అనకుండా ఉండాల్సిందండీ."

ఇన్నేళ్ళలో ఆమె కన్నీళ్ళు వంటింటి గోడలే చూశాయి. ఇవాళ అతను చూశాడు.

"అనకుండా ఉండాల్సింది," అన్నాడు షర్గావి. తర్వాత చాలా మెల్లగా, "ఆ మూడు నెలలూ రోజూ పని దిగి అవతలి గట్టుకి వచ్చి నిలబడేవాణ్ణి. నీ కిటికీ కనబడేది అక్కణ్ణించి. తెరిచి ఉంటే పడవెక్కుదామనుకునేవాణ్ణి. ఒక్కరోజూ తెరవలేదు నువ్వు."

విడిపోయిన నాటి నుంచి ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకుంటున్నారు. అతను మర్చిపోయాడు, ఆమె గమనించింది.

"సాయంత్రం ఎండ ఆ కిటికీ లోంచే పడుతుంది," అంది. "గుడ్డ మీద మైనం మెత్తబడి గీతలు చెదిరిపోతాయని మూసేదాన్ని. మా అమ్మ కూడా మూసేది. మీరు అక్కడున్నారని నాకెలా తెలుస్తుంది?"

మైనం చెదరకూడదని ఒకామె కిటికీ మూసుకుంది. మూసిన కిటికీ చూసి ఒకడు పడవెక్కలేదు. దానికి తొమ్మిదేళ్ళు. నాకు ఇద్దరి చెంపలూ పగలగొట్టాలనిపించింది, ఇద్దర్నీ ఒళ్ళో పెట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. పక్కనే కాఫీ చల్లారుతుంటే తాగేశాను.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు, పొద్దు వాలేదాకా. ఏం చెయ్యాలో తెలియనప్పుడు వాళ్ళిద్దరికీ పనే దిక్కు. అతను నీళ్ళు కాచే కడ్డీ తగిలించాడు. "ఒక్కసారి వేడి పెంచితే తట్టుకోలేవు. రేపు సాయంత్రానికి ముప్పై డిగ్రీలు వచ్చేట్టు మెల్లగా," అన్నాడు. ఆమె గాలి బుడగల గొట్టాన్ని పెద్దది చేసింది, వేడి నీళ్ళలో చేపలకి ఊపిరి ఆడదని చెప్పకుండానే. అతను బకెట్‌లోంచి కొత్త మందు సీసా తీసి, మూత విప్పి ఆమె వైపు చూశాడు.

"సగం," అంది.

"సగం."

కొలిచి ఆమె పోసింది, నీళ్ళలో నీలం మెల్లగా విచ్చుకుంది. సులుంగ్ లేచి నిటారుగా నిలబడి, మొక్కల వేళ్ళ కిందికి వెళ్ళి టిక్ టిక్‌మని చప్పుడు చేసింది. కోపం వచ్చినా ఆకలేసినా అది చేసే చప్పుడు ఒక్కటే.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని నేనే అడిగాను.

"పద్నాలుగు రోజులు. రోజూ మూడో వంతు నీళ్ళు మార్చాలి, రోజూ సగం మందు పోయాలి. మచ్చలు పోయినా ఆపకూడదు. ఈలోగా కదిలిస్తే ఒక్కటీ మిగలదు."

పెళ్ళి పన్నెండో రోజున. ముగ్గురం మనసులోనే లెక్క వేసుకున్నాం, ముగ్గురి మొహాల మీదా అది కనబడింది. ఇప్పుడంటాడు అనుకున్నాను. ఇప్పుడంటుంది అనుకున్నాను.

"నాకు వచ్చు ఇదంతా," అంది రొగాయా, చేతులు తుడుచుకుంటూ. "మీకు పెళ్ళి పనులుంటాయి. వెళ్ళండి."

"అలాగే," అన్నాడు.

చూశారా? ఇంత జరిగాక కూడా "వెళ్ళండి", "అలాగే". మళ్ళీ అదే మూడు నెలలు, నా కళ్ళ ముందే.

నేను లేచాను. చాప చుట్టి చంకన పెట్టుకున్నాను.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"మా ఇంటికి. తొమ్మిదేళ్ళు కూర్చున్నాను, ఇక నావల్ల కాదు. నేను గడప దాటితే ఇద్దరూ ఈ కప్పు కింద ఉండకూడదు, తెలుసుగా? ఒకళ్ళు బయటికి రండి. లేదా ఇమాం గార్ని పిలవండి. మధ్యలో ఇంకో దారి లేదు, మధ్యలో నేనూ లేను."

మెట్లు దిగి, కింది మెట్టు మీద వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాను. పైనుంచి గాలి బుడగల చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఆ తర్వాత చెక్క మెట్లు కిర్రుమన్నాయి. బరువైన అడుగులు, మగవాడివి.

అయిపోయింది, వెళ్ళిపోతున్నాడు అనుకున్నాను.

షర్గావి నా పక్కన ఆగి చెప్పులు వేసుకున్నాడు. వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "పెద్దమ్మా, ఇటు నుంచి ఇటే మువారా బులియాన్ వెళ్తున్నా. హలీజాకి ఎదురుగా చెప్పాలి, ఈ పెళ్ళి నేను చేసుకోలేనని. ఫోనులో చెప్పే మాట కాదిది. మంచి మనిషి, ఆవిడ తప్పు ఇందులో పిసరంత కూడా లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పైన చెప్పావా ఈ ముక్క?"

"లేదు."

"ఓరి నీ..."

"చెప్పను. ఒకళ్ళకిచ్చిన మాట విడిపించుకోకుండా ఇంకొకళ్ళకి మాట ఇవ్వను. ఒకసారి నోరు జారి బతుకు పాడు చేసుకున్నా. ఈసారి ముందు పని, తర్వాత మాట. రాత్రికి తిరిగొస్తా, ఇమాం గారితోనే మెట్లెక్కుతా. అప్పటిదాకా నువ్వూ చెప్పొద్దు. నా మీద ఒట్టు వెయ్యి."

"నా నోటి సంగతి నీకు తెలుసు కదరా!"

"తెలిసే అడుగుతున్నా. ఒట్టు."

వేశాను. దేవుడు నన్ను క్షమించాలి, వేశాను. అతను దాదాపు పరిగెత్తుకుంటూ రేవుకి వెళ్ళి పడవెక్కాడు.

పడవ నది మధ్యకి చేరేసరికి నా తల మీద చెక్క రెక్కలు చప్పుడయ్యాయి. తలెత్తి చూద్దును కదా, రొగాయా కిటికీ బార్లా తెరిచింది. ఎండ నేరుగా ఆమె మొహం మీద, వెనకాల దండేనికి వేసిన మైనం గుడ్డ మీద పడుతోంది. పడవలో షర్గావి అవతలి గట్టు వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు. తిరగలేదు.

"వెళ్ళిపోయారా పెద్దమ్మా?"

"వెళ్ళాడమ్మా."

"ఏమైనా అన్నారా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని వాడంతా అంటుంది. ఆ పూట నా నోరు మైనం పోసినట్టు అతుక్కుపోయింది. తల అడ్డంగా ఊపాను.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్ళలో ఏదో తేల్చేసుకున్న నెమ్మది కనబడింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నేను కిటికీ గట్టు మీద పడేసిన పెళ్ళి కార్డు.

"ఎవరికమ్మా అది?" అంటూ లేచి నిలబడ్డాను.

"హలీజాకి. నంబరు ఇందులో ఉంది. పద్నాలుగు రోజులయ్యాక చేపల్ని నేనే పంపించేస్తానని, ఆయన ఇక ఈ గడప తొక్కరని, నా వైపు నుంచి ఏమీ లేదు, నిశ్చింతగా నికా చేసుకోమని చెప్తాను. అప్పుడు మూడు నెలలు నోరు మూసుకుని కూర్చుని అన్నీ పోగొట్టుకున్నా పెద్దమ్మా. ఈసారి చెప్పాల్సింది చెప్పేస్తాను."

"ఆగమ్మా, రేపు చేద్దువుగాని..."

ఆమె కార్డు పట్టుకున్న చెయ్యెత్తి నన్ను ఆగమంది. అవతల ఎవరో ఫోను ఎత్తారు.

"హలీజా గారా?" అంది రొగాయా. "నేను షర్గావి గారి... నేను రొగాయాని."